సగం తాంబూలం

తూర్పున కనుచూపు మేర శత్రుశిబిరాల పొగ, పడమట మేఘాలను ఒరుసుకునే కొండగోడ, నడుమ పగిలిన బురుజులతో, ఆకలితో నకనకలాడే జనంతో నల్లమోటు దుర్గం ఆ వేసవి ఉదయాన తన చివరి కొలువును తీర్చింది.

నూనూగు మీసాల దోరభూపతి వెండిపళ్ళెంలో తాంబూలం పెట్టించి, సింహాసనం దిగి సామంతుల ముందు నిలిచాడు.

“ఎండ వాలేలోగా శత్రువు సింహద్వారం మీద పడతాడు. మన ప్రజలు పడమటి కనుమ గుండా దిగిపోవాలి. వారు దాటేవరకు ద్వారాన్ని నిలపగలవారు ఈ తాంబూలం అందుకోండి. తిరిగి వస్తారని నేను అబద్ధమాడను.”

ఎవరూ కదలలేదు. పడుచు దండనాయకులందరూ మహామంత్రి గుండనామాత్యుని ముఖం చూశారు. ద్వారం కావలికి తన బావమరుదులను పెట్టించినది ఆయనే. తలుపు తెరిస్తే కోట ఆయనకే దక్కుతుందని శత్రువు మాట ఇచ్చినట్టు ఊరంతా గుసగుస. రుజువు మాత్రం లేదు.

అప్పుడు కర్ర ఊతంగా సూరమనాయకుడు లేచాడు. ఒకప్పుడు ఆయన పేరు వింటే శత్రువుల ఏనుగులు వెనుదిరిగేవి. మోకాట బాణం దిగబడ్డాక పెద్దరాజు ఆయన చేత కత్తి దింపించి పంటకాలువల అధికారం ఇచ్చాడు. నాటినుండి ఆయన గెలిచిన యుద్ధాలన్నీ రైతుల గట్టు తగవులే.

“కూర్చోండి నాయకా,” అన్నాడు గుండనామాత్యుడు. “ఇది తూము కాదు, సింహద్వారం. పాపం, మోకాలు నొస్తుంది.”

కొందరు నవ్వారు.

“ఇన్నేళ్ళూ మీ కొలువులో నేర్చింది అదొక్కటే అమాత్యా. తూము దించడం, వరద ఆపడం. నేడూ అదే పని.”

నాయకుడు తాంబూలం అందుకుని, ఆకును నడుమకు చీల్చాడు. నవ్వులు ఆగిపోయాయి. తాంబూలం పట్టినవాడు సగం ఆకు ఎవరికిస్తే వారు అతనికి తోడుగా నడవాలన్నది ఆ రాజ్యపు ఆచారం. కాదన్నవానికి ఆ గడ్డ మీద గుక్కెడు నీళ్ళు పుట్టవు. వీరులు దానిని ప్రాణమిత్రులకే ఇచ్చేవారు.

నాయకుడు ఆ సగం గుండనామాత్యుని చేతిలో పెట్టాడు.

“పక్కపక్కన కూర్చుని ముసలివాళ్ళమయ్యాం. ఈ నాలుగడుగులూ కలిసే వేద్దాం.”

రాజు మంత్రిని తేరిపార చూశాడు. “నమలండి, అమాత్యా.”

మంత్రి నమిలాడు.

ద్వారం దగ్గర నాయకుడు కావలివాళ్ళను పిలిచాడు. “మీ బావగారు నాతో ఉంటారు. మీరు వెళ్ళి మీ అక్కను కనుమ దాటించండి.” వారు తాంబూలంతో ఎర్రబడిన బావ నోరు చూసి వెళ్ళిపోయారు. నాయకుడు తన తలపాగా విప్పి మంత్రి మణికట్టును తన మణికట్టుకు ముడివేశాడు. పాత సైనికులు కొందరు వచ్చి తలుపుకు భుజాలు ఆనించారు.

ఏనుగులు ఢీకొన్నాయి. చీలిన పలకల సందుల నుండి ఈటెలు దూరి, పాత సైనికులు ఒక్కొక్కరే కూలారు.

“గడియ తీయనివ్వండి,” మంత్రి బతిమాలాడు. “ఇద్దరం బతుకుతాం. కోట నాది, కాలువలు మీవి.”

“ఆ నీళ్ళు తాగేవాళ్ళు ఇంకా కనుమలోనే ఉన్నారయ్యా.”

ఆ మాట ముగిసేలోగా ఒక ఈటె ఆయన పక్కటెముకల్లో దిగింది. నాయకుడు గడియకు వీపు ఆనించి కూలబడ్డాడు. ఎండ వాలుతుండగా పడమటి శిఖరం మీద పొగ లేచింది. అందరూ దాటారనడానికి అదే గుర్తు.

“పొగేనా అది? నా కళ్ళు ఆనడం లేదు.”

“పొగే,” అన్నాడు మంత్రి.

“అయితే ఇక మీ ఇష్టం.” నాయకుని తల వాలిపోయింది.

మంత్రి శవాన్ని పక్కకు లాగి గడియ తీశాడు. శత్రుసేనాని సోమదండనాథుడు గుర్రం మీద లోపలికి వచ్చి, నిర్మానుష్యమైన వీధులను చూశాడు.

“అన్నమాట నిలుపుకున్నాను, ప్రభూ,” అన్నాడు మంత్రి.

సేనాని చూపు అతని పెదవుల మీద ఆగింది.

“మా దేశంలోనూ తాంబూలం ఉంది, మంత్రీ. దానిని నమిలిన నోటితోనా నన్ను స్వాగతిస్తున్నావు?” గుర్రం దిగి, నాయకుని ముందు తల వంచాడు. “ఈయనకు దండనాథుని లాంఛనాలతో చితి పేర్చండి. ఆ ముడి మాత్రం ఎవరూ విప్పకండి. చితి దాకా ఈ తోడే మోస్తాడు.”

కాలువల అధికారిని భుజాన వేసుకుని, తాను కోరిన కోటలో, పలకరించే మనిషి లేని రాజవీధి వెంట గుండనామాత్యుడు నడిచాడు.