వానకు వదిలిన సందు

ఖమర్ సుల్తానా చాయ్ గ్లాసు పట్టుకుని వాకిలి దాటాలంటే ఒళ్ళు పక్కకు తిప్పుకోవాలి. వాకిలే అంతంత మాత్రం, అందులో బోర్లా పడుకున్న పడవ ఒకటి. బట్టలారేసే తాడు ఒక కొస కూడా దానికే కట్టాల్సి వచ్చింది. మొన్నటి నుంచి ఆ పడవ మీద తార్పాలిన్ కప్పి ఉంది. ఎందుకని అడిగితే, ఎండ తగలొద్దని ఆమె భర్త ఇస్హాక్ ముక్తసరిగా చెప్పి తల తిప్పుకున్నాడు. ఆ తల తిప్పుకోవడమే ఖమర్‌కు నచ్చలేదు.

ఇస్హాక్‌ది కోరుట్ల దగ్గర ఒక పల్లె, వడ్రంగం తాత నాటి పని. ఆరేళ్ళ కింద దోహా వచ్చి కంపెనీలో తలుపులు బిగిస్తున్నాడు. చమురు ధర అమాంతం పెరిగి ఎటు చూసినా కొత్త బంగళాలు లేస్తున్న రోజులవి. ఏసీ గదుల చల్లదనం బయటికి పోకూడదని ఇంజనీర్లు తలుపు వెనక టార్చిలైటు వేసి చూసేవారు. ఇస్హాక్ బిగించిన తలుపులోంచి వెలుగు చుక్క కూడా వచ్చేది కాదు. అతనికి అదే గొప్ప.

అల్ దోహా అల్ జదీదా పేటలో వాళ్ళుండే పాత ఇల్లు జాసిమ్ అనే ముసలాయనది. పక్క ఇళ్ళన్నీ కంపెనీల చేతికి పోయాయి, దీన్నీ ఇచ్చేద్దామని ఆయన కొడుకులు పోరుతున్నారు. ముసలాయనకు మాత్రం ప్రాణమంతా వాళ్ళ నాన్న వదిలిపోయిన పడవ మీద ఉంది. దాని అడుగు కుళ్ళింది. పడవలు కట్టేవాళ్ళంతా కంపెనీ డ్యూటీల్లో చేరిపోయారు. కొత్త అడుగు వేసిపెడితే తాను బతికున్నన్నాళ్ళూ ఇల్లు మీదేనని ఇస్హాక్‌కు మాటిచ్చాడు. పని కుదరకపోతే ఖమర్, చిన్న కూతురు అజ్రా ఊరికి, ఇస్హాక్ మళ్ళీ కంపెనీ కూలీల క్యాంప్‌లో మంచానికి. వాళ్ళిద్దరూ వచ్చి ఇంకా ఏడాది కూడా కాలేదు.

ఆ శుక్రవారం పొద్దున, ఇస్హాక్ ఊరివాడూ అదే కంపెనీలో పనివాడూ అయిన రాజన్న చేతిలో పొట్లంతో వచ్చాడు.

“వదినె, ఇవి మా ఇంటామె నర్సవ్వకు ఇయ్యుండ్రి. సబ్బులు. ఆల్లకు దోహా అయిన దుబాయే. దుబాయ్ సబ్బంటె ఊరంత తిప్పి వాసన జూపిస్తది.”

“ఎవలు పోతున్నరు రాజన్నా ఊరికి?” అంది ఖమర్ పొట్లం అందుకుంటూ.

“మీరే గద వదినె. ఇస్హాక్ భాయ్ మీ టికెట్లకు చెప్పిండట గద.”

ఖమర్ ముఖం చూశాక రాజన్నకు సంగతి అర్థమైంది. చాయ్ కూడా తాగకుండా, పనుందని గొణుగుతూ జారుకున్నాడు. పొట్లం ఆమె చేతిలోనే ఉండిపోయింది.

ఇస్హాక్ చాయ్ గ్లాసుతో లోపలి నుంచి వచ్చాడు. ఆమె అరవలేదు. కోపమొస్తే గొంతు తగ్గడం ఆమెకు అలవాటు.

“అజ్రా అబ్బా, మేం ఊరికి పోతున్నమట. జర మాకు గూడ చెప్పుండ్రి.”

ఇస్హాక్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. “చెప్దామనే అనుకున్న.”

“రాజన్నకు చెప్పిండ్రు. కంపెనీల చెప్పిండ్రు. నాకు చెప్పనీకె నోరు రాలేదా?”

“ఏం చెప్పాలె ఖమర్? పని చెడిపోయింది. ఇగ ఈ ఇల్లు ఉండది. మిమ్ముల యాడ వెట్టాలె?”

“చెడిపోతె చెడిపోయిందని చెప్పాలె. అయిదేండ్లు పిల్ల మీ ఫోటోను జూసి అబ్బా అన్నది. ఇప్పుడే మీ మెడ పట్టుకొని పండుకునుడు మరిగింది. మల్ల ఫోటో చేతుల వెట్టి పంపుతరా? నన్నొక్క మాటన్న అడగరా?”

కొంగుతో కళ్ళు ఒత్తుకుని, విసురుగా వెళ్ళి తార్పాలిన్ లాగి పడేసింది.

పడవ అడుగున నున్నటి టేకు చెక్కలు ఒకదాన్నొకటి తోసుకుని మధ్యలో ఉబ్బి లేచాయి. ఒక చెక్క కొస మేకులతో సహా పెళ్ళగించుకుని వచ్చింది.

“వెంట్రుక వట్టె సందు లేకుంట బిగించిన,” అన్నాడు ఇస్హాక్, తలెత్తకుండా. “కారుతదా అని పడవను వెల్లకిల తిప్పి నిండ నీళ్ళు వోసి పెట్టిన. తెల్లారి మల్ల బోర్లిచ్చి జూస్తె గిట్లయింది. ఇన్నేండ్ల పనిల ఇసుంటిది సూడలే.”

ఖమర్ ఉబ్బిన చెక్క మీద అరచెయ్యి పెట్టింది.

“ఊర్ల మన ఇంటి తలుపు మీరు చేసిందే గద. సందు వడ్డదని మీ అమ్మ లొల్లి వెడితె ఏమన్నరో యాదికున్నదా?”

ఇస్హాక్ లేచిన చెక్క కొసను వేళ్ళతో నొక్కాడు.

“వానకు గూడ జర జాగియ్యాలె అమ్మీ అన్నరు. ముసురు వడితె వాడకట్టుల తలుపులన్ని బిగుసుకునేటియి. మనదొక్కటే నేను ఒక్క చేత్తోని తీసేదాన్ని.”

ఇస్హాక్ మెల్లగా పడవ పక్కనే కూలబడ్డాడు. తడిస్తే చెక్క ఒళ్ళు చేస్తుందని పిల్లాడిగా ఉలి పట్టిన మొదటి వారమే తండ్రి చెప్పాడు. ఏసీ గదుల్లో టార్చిలైటు మెప్పు కోసం తలుపులు బిగిస్తూ బిగిస్తూ, ఆ మాటను ఎప్పుడో వదిలేసుకున్నాడు.

“వానను మరిచిన ఖమర్,” అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు. “ఒక్కన్నే ఉండి ఉండి, ఇంట్ల ఇంకో మనిషిని అడగాలె అన్నది గూడ మరిచిన.”

ఆమె ఇంకో చాయ్ పెట్టి తెచ్చింది.

ఆ మధ్యాహ్నమే చెక్కలు విప్పడం మొదలైంది. వాటిని ఎండలో ఆరబెట్టి, అంచులు చిత్రిక పట్టి, ఈసారి చెక్కకూ చెక్కకూ మధ్య సన్నని సందు వదిలి కొట్టాడు. ఖమర్ దూదిని తాడులా పేని, జాసిమ్ తెచ్చిన చేపనూనెలో నానబెట్టి అందిస్తుంటే, ఇస్హాక్ మొద్దు ఉలితో సందుల్లో కూరాడు. ఇల్లంతా కంపు. అజ్రా ముక్కు మూసుకునే అన్నం తింది.

పికప్‌లో పడవను సముద్రానికి చేర్చిన రోజు మొదట జాసిమే ఎక్కి కూర్చున్నాడు. కాసేపటికే అడుగున నీళ్ళు ఊరాయి. ఇస్హాక్ తోడిపోసే డబ్బా అందుకోబోయాడు.

“సబర్, సబర్,” అన్నాడు ముసలాయన తీరిగ్గా, ఓపిక పట్టమని చెయ్యి ఊపుతూ. పాదాలు నీళ్ళలో పెట్టుకునే కూర్చున్నాడు. సాయంత్రం అసర్ నమాజు వేళకు చెక్కలు తడిసి ఒళ్ళు చేసి, దూదిని పట్టేసుకున్నాయి. తోడిపోశాక మళ్ళీ నీరు రాలేదు. జాసిమ్ ఇస్హాక్ తల మీద చెయ్యి పెట్టి, తన నాన్న పేరు చెప్పుకుంటూ ఏడ్చాడు.

ఇంటికొచ్చాక ఎంత తోమినా చేతుల కంపు పోలేదు. ఖమర్ అటక మీది పొట్లం దించి, ఒక సబ్బు కాగితం చించింది.

“అది నర్సవ్వది గద,” అన్నాడు ఇస్హాక్.

“నర్సవ్వకు ఇంకోటి కొని వెడదాం. పోయేటోళ్ళతోని పంపుదాం.”

అతను చేతులు చాచి నిలబడ్డాడు. “టికెట్లు వద్దని రేపు కంపెనీల చెప్పొస్త,” అనబోయి ఆగాడు. “ఖమర్, ఇక్కడనే ఉందామా? నువ్వేమంటవ్?”

ఆమె సబ్బు రుద్దుతున్న చెయ్యి ఆగింది. కళ్ళు తుడుచుకుందామంటే చేతుల నిండా నురగ.

“అడిగిండ్రు గద,” అంది. “ఇగ ఉంటం.”