పరిమళ ఇంట్లో కోడి

“నా ఇంట్లో కోడి ఎందుకుండాది?”

పదకొండేళ్ల తర్వాత కనబడిన మనిషి నాతో అన్న మొదటి మాట ఇది. ఎట్లుండావని అడగలేదు, పొడుగయినావని అనలేదు. కుందారపల్లిలో బస్సు దిగి, ఎండలో నడిచి వచ్చి, మా టమాటా షెడ్డు గుమ్మంలో నిలబడిన పరిమళ నన్ను వదిలేసి మూలనున్న చెక్క ఇంటిని చూస్తోంది.

అది ఆమె బొమ్మరిల్లు. మూడడుగుల పొడవు, దాదాపు అంతే ఎత్తు. కింద హాలు, వంటగది, పైన రెండు గదులు, ముందు వసారా. కప్పు సగమే వేసి ఉంది, వాకిలికి తలుపు లేదు. హాల్లో మా ఎర్రకోడి గడ్డి పరుచుకుని, పట్టా తన పేరుమీదే ఉన్నట్టు కూర్చుంది.

“పొదగబెట్టినాము,” అన్నాను.

“నిన్న ఫోన్ చేసి చెప్పినాను కదా, ఈ రోజు వచ్చి ఎత్తుకపోతానని?”

“అప్పటికే పెట్టేసి ఉండాము. పది రోజులయింది. లోపల పిల్ల కట్టి ఉంటుంది. ఇప్పుడు కదిలిస్తే అన్నీ పోతాయి.”

మీ దగ్గర నాకు దాపరికం లేదు. కోడిని అందులో పెట్టింది పది రోజుల కిందట కాదు. ముందురోజు సాయంత్రం, ఆమె ఫోన్ పెట్టేసిన పావుగంటకు. నిన్ననే పెట్టామంటే ‘అయితే తీసి గంపలో పెట్టు’ అంటుందని పది రోజులు చేశాను.

అంతకు తెగించడానికి కారణం ఉంది. మా ఇల్లు కట్టేటప్పుడు తలుపులూ కిటికీలూ చేసింది పరిమళ వాళ్ల నాయన నాగేశప్ప. మూకండపల్లిలో యంత్రాలు పంపించే చెక్కపెట్టెలు కొట్టే షాపులో ఆయనకు పని. ఆ ఎండాకాలం సెలవు పెట్టి మా ఊరొచ్చి రెండు నెలలున్నాడు. బడి సెలవులని కూతురూ వెంట వచ్చింది. ఆమెకు పదమూడు, నాకు పద్నాలుగు. సాయంత్రం పని దిగాక తండ్రీ కూతుళ్లు పెట్టెల చెక్కతో ఈ బొమ్మరిల్లు మొదలుపెట్టారు. “రేపు మనం కట్టుకునే ఇల్లు ఇట్లే ఉండాల,” అనేవాడు నాగేశప్ప. మేకులు అందించడం నా పని. ఉలి ముట్టుకోబోతే చేతిమీద ఒకటి వేసేవాడు. ఆయన పనిముట్లు కూతురికి తప్ప ఇంకెవరికీ ఇవ్వడు.

సెలవులు అయిపోయాయి, ఇల్లు సగంలో నిలిచింది. మూకండపల్లిలో వాళ్లుండేది ఒంటిగది. అందులో మనుషులకే చోటు చాలదు. “మేము ఇల్లు కట్టుకునేదాకా నీ దగ్గరుంచు. తడవనీయొద్దు,” అని నాకు అప్పగించి వెళ్లింది పరిమళ.

అప్పటినుంచి పరిమళ ఏటా ఉగాదికి మా అవ్వ పుట్టమ్మకు ఫోన్ చేసేది. చివర్లో ఫోను నాకిమ్మని “నా ఇల్లు భద్రమేనా?” అని అడిగేది. “భద్రం,” అనేవాణ్ణి. ఏడాదికి ఆ ఒక్క మాట. ఉగాదికి వారం ముందునుంచీ అవ్వ ఫోను చార్జింగు చూసుకునేది నేనే.

ఇప్పుడు వాళ్లు సొంత ఇల్లు కట్టుకున్నారు. ఇరవై ఆరు రోజుల్లో గృహప్రవేశం. ఆలోగా బొమ్మరిల్లు పూర్తిచేసి కొత్తింటి హాల్లో పెట్టాలని ఆమె పట్టుదల. ఇది వెళ్లిపోతే ఉగాది ఫోనుకు పని ఉండదు. ఆమెకూ నాకూ మధ్య ఉన్నది ఈ ఇల్లొక్కటే. అదీ పోతోందని కంగారుపడితే, చేతికందింది కోడి.

“అయితే ఇంకా పదకొండు రోజులు,” అని పరిమళ వేళ్లు మడిచింది. ఆమె ఫ్యాక్టరీలో క్వాలిటీ చెకింగ్ చేస్తుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కొలతలు చూసే మనిషికి తప్పుడు లెక్క చెప్పానని నాకు అప్పుడు తట్టలేదు.

అంతలో అవ్వ షెడ్డులోకి వచ్చింది. నన్నొకసారి చూసింది, కోడినొకసారి చూసింది.

“ఏమవ్వా, దీన్ని పెట్టి పది రోజులయిందా?” అడిగింది పరిమళ.

“వాడు చెప్పినాడు కదమ్మా. నాకు రోజులు యాడ గుర్తుంటాయి,” అంది అవ్వ. ఏ ఏడు ఏ తేదీన తొలి వాన పడిందో ఇప్పటికీ చెప్పగల మనిషి మా అవ్వ.

“అట్లయితే ఈడనే పని చేసుకుంటాను. ఆదివారం ఆదివారం వస్తాను. పైగదులూ కప్పూ నావి, కింద హాలు కోడిది.”

“సుత్తి మాత్రం ముట్టగూడదు. శబ్దానికి గుడ్లు చెడిపోతాయి. ఉరుముకు కూడా చెడతాయని గడ్డిలో ఇనప మేకూ బొగ్గూ పెట్టినాను.”

మేకూ బొగ్గూ అవ్వ ఎప్పుడు పెట్టిందో నాకు తెలియదు.

“సుత్తి లేకుండా ఇల్లెట్ల కడతారవ్వా?”

“మెల్లగా,” అంది అవ్వ.

రెండో ఆదివారం వాన. రేకులమీద వాన పడుతుంటే షెడ్డులో మాట వినబడదు. వినాలంటే దగ్గరికి జరగాలి. ఆ వానకు లోలోపలే దండం పెట్టుకున్నాను.

సుత్తి లేదు కాబట్టి అంతా బంక పనే. కప్పు పలక అంటించి, బంక పట్టేదాకా అటు ఆమె, ఇటు నేను ఒత్తిపట్టుకుని కూర్చోవాలి. ఒక్కో పలకకు పది నిమిషాలు. కప్పుకు ఇంకా ఇరవై నాలుగు పలకలు కావాలి. బళ్లో ఏ లెక్కా నాకింత సంతోషం ఇవ్వలేదు.

“నన్ను చూడొద్దు, పలకను చూడు. జారతా ఉండాది,” అంది పరిమళ.

“పలకనే చూస్తా ఉండాను.”

“పలక నా ముక్కుమీద ఉండాదా?”

నేను తల దించుకున్నాను. పైగది గోడకు లోపలివైపు నల్లటి గొడుగు గుర్తు కనబడింది. తడవకూడని సరుకు పెట్టెలమీద వేసే ముద్ర అది. చిన్నప్పుడు పరిమళే గీసిందనుకునేవాణ్ణి. ఆమె కూడా దాన్నే చూస్తోంది.

“గోడకు ఒక్క మరక లేదు. ఇన్నేళ్లూ యాడ పెట్టినావు దీన్ని?”

“మొదట మా ఇంటి పైగదిలో. ఆడ గోడ చెమ్మగిల్లితే నా మంచం పక్కన. చుట్టాలొచ్చినప్పుడు ట్రాక్టర్ కొట్టంలో, పైన టార్పాలిన్ కప్పి. ఈ షెడ్డుకు కొత్త రేకులేసినాక ఈడికి.”

“టార్పాలిన్ యాడిది?”

“టమాటా గంపలమీద కప్పినది.”

“మరి టమాటాలు?”

“తడిసినాయి. నాయన వారం రోజులు నాతో మాట్లాడలేదు.”

పరిమళ నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. ఆ పలకకు పది నిమిషాలు దాటిపోయినా చెయ్యి తీయలేదు. నేనూ గుర్తుచేయలేదు. వాన కూడా తగ్గలేదు.

టీ తేవడానికి ఇంట్లోకి వెళ్లి వచ్చేసరికి ఆమె బొమ్మరింటి ముందు గొంతుకూర్చుని ఉంది. ఫోన్ టార్చి వెలుగుతోంది. కోడి కోపంగా కొక్కరిస్తోంది.

“ఏం చేస్తా ఉండావు?”

“ఓనరమ్మను పలకరించినాను. పొడిచింది,” అని వేలు చూపించింది. నేను టీ అక్కడే పెట్టి పసుపు కోసం పరిగెత్తాను.

నేను చెప్పిన లెక్క ప్రకారం ఆ గురువారం పిల్లలు రావాలి. నిజం లెక్క ప్రకారం ఇంకా చాలా రోజులుంది. మూడో ఆదివారం వస్తూనే పరిమళ హాల్లోకి తొంగిచూసింది.

“పిల్లలు యాడ?”

“మా కోడి కొంచెం నిదానం.”

“మా ఫ్యాక్టరీలో లేటయితే రీజన్ రాసియ్యాల.”

“చలి. వాన పడింది కదా, దాంతో లేటయింది.”

“చలి,” అంది పరిమళ, నోట్ చేసుకుంటున్నట్టు. పెదవి చివర ఏదో కదిలింది. అది నవ్వని నాకు అప్పుడు అర్థం కాలేదు.

సాయంత్రానికి కప్పు పూర్తయింది, కిటికీలకు రెక్కలొచ్చాయి. తలుపొక్కటే మిగిలింది. అది తన నాయన దగ్గరుందనీ, పదకొండేళ్ల కిందటే చేసి దాచుకున్నాడనీ, గృహప్రవేశం రోజు పెడతాడనీ చెప్పింది. బస్సెక్కేముందు వెనక్కి తిరిగింది.

“వచ్చే ఆదివారం టెంపో తెస్తాను. పిల్లలొచ్చినా రాకపోయినా ఇల్లు ఎత్తాల్సిందే. శుక్రవారమే ప్రవేశం.”

ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు. ఏం కూర వండినా ఒకే రుచిగా ఉంది. శనివారం సాయంత్రం గడ్డిలోంచి కీచుమని వినబడింది. పదకొండు గుడ్లలో తొమ్మిది పిల్లలయ్యాయి. ఊళ్లో ఎవరింట్లో కోడి పిల్లలు చేసినా సంతోషిస్తారు. నేనొక్కణ్ణే దిగాలుగా కూర్చున్నాను.

ఆదివారం పరిమళ వచ్చింది. అవ్వ కోడినీ పిల్లల్నీ గంపలోకి మార్చి, మూలన కూర్చుని నూకలు చల్లుతోంది. పరిమళ ఒక పిల్లను అరచేతిలోకి తీసుకుంది.

“ఎప్పుడొచ్చినాయి?”

“నిన్న సాయంత్రం.”

“కోడి ఇరవయ్యొక్క రోజులకు పిల్లలు చేస్తుంది. మూడు వారాలు. నిన్న శనివారం. దానికి మూడు వారాల ముందు ఏం వారం రక్షిత్?”

“శనివారం.”

“ఆ రోజు సాయంత్రం నేను ఫోన్ చేసినాను.”

ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు. “ఫోన్ పెట్టేసినాక కోడిని పెట్టినాను,” అన్నాను. “ఈ ఇల్లు ఎత్తుకపోతే నువ్వు మళ్లీ ఫోన్ చెయ్యవు. ఏడాదికొకసారి నువ్వడిగే ఆ ఒక్క మాట కోసమే దీన్ని కాపాడినాను. నువ్వంటే నాకిష్టం పరిమళా. పద్నాలుగేళ్లప్పుడు ఇష్టమని తెలీలేదు. తెలిసినాక చెప్పడానికి నువ్వు ఈడ లేవు.”

ఆమె కోడిపిల్ల తల నిమిరింది. “రెండో ఆదివారమే నాకు తెలుసు.”

“ఏంది?”

“టీకి పోయినావు కదా. ఒక గుడ్డు తీసి టార్చి పెట్టి చూసినాను. పదిహేడు రోజుల గుడ్డయితే లోపల నల్లగా నిండిపోయి ఉండాల. దాంట్లో సన్నగా ఎర్ర నరాలు తప్ప ఏమీ లేవు. వారం గుడ్డది. క్వాలిటీ చెకింగ్‌లో ఉండేదాన్ని, నాకు తెలీదా?”

“మరి ఎందుకు అడగలేదు?”

“అడిగింటే కోడిని గంపలో పెట్టి ఇల్లిచ్చేవాడివి. నేను ఏం చెప్పి ఈడికి వచ్చేది?” ఆమె గొంతు తగ్గింది. “టెంపో పంపిస్తే మొదటి రోజే ఇల్లు వచ్చేసేది. నాయన పంపిస్తానన్నాడు కూడా. నేనే పోయి చూసుకుంటానన్నాను.”

పదకొండేళ్ల భారం దిగినట్టయింది. ఏం చేయాలో తెలియక ఆమె చేతిలోని కోడిపిల్లను నేనూ నిమిరాను. మా వేళ్లు తగిలాయి. ఇద్దరం తీయలేదు.

“మీ నాయన ఏమంటాడు?” అంది కాసేపటికి. “మీరు భూములుండే వాళ్లు. మేము చెక్కపని వాళ్లం.”

“నేను చెప్తాను.”

“వాడేం చెప్పనక్కర్లేదులే,” అంది అవ్వ మూలలోంచి, నూకలు చల్లడం ఆపకుండా. “మొదటి ఆదివారమే వాడి నాయన జయరామప్పకు నేను చెప్పేసినాను. మూడు వారాలు గొణిగినాడు. నిన్నటినుంచి గొణగడంలేదు.”

గృహప్రవేశం రోజు అవ్వా నాయనా నేనూ మూకండపల్లి వెళ్లాం. ఆవూ దూడా కొత్తింట్లోకి అడుగుపెట్టాయి, పాలు పొంగాయి, పరిమళ వాళ్లమ్మ అందరికీ పాయసం ఇచ్చింది. హాల్లో మంచి చోట బొమ్మరిల్లు ఉంది. నాగేశప్ప దాని చుట్టూ తిరిగి అతుకులన్నీ వేలితో తడిమి చూశాడు. తర్వాత వంగి, కింది హాల్లోంచి ఒక ఎర్ర ఈక బయటికి తీశాడు.

“ఇదెవరిది?”

“కోడిది నాయనా. దీంట్లోనే పిల్లల్ని చేసింది,” అంది పరిమళ.

“అయితే దీనికి ప్రవేశం అయిపోయినట్టే. మనింటికి ఆవూ దూడా, దీనికి కోడీ పిల్లలూ.”

మా నాయన జయరామప్ప మాటలు తక్కువ మనిషి. తాంబూలం పళ్లెం పట్టుకుని ముందుకొచ్చాడు. “నాగేశా, పదకొండేళ్లు మీ ఇంటిని మా ఇంట్లో ఉంచుకున్నాము. ఇప్పుడు మా వాణ్ణి మీ ఇంట్లో ఉంచుకుంటావా?”

నాగేశప్ప కూతురి ముఖం చూశాడు. ఆమె ఆయన కళ్లలోకి చూసి మెల్లగా తలూపింది. ఆయన పళ్లెం అందుకుని పక్కన పెట్టి, చేతిసంచిలోంచి గుడ్డ చుట్టిన చిన్న తలుపు తీశాడు. జానెడు తలుపు, నున్నగా మెరుస్తోంది. పైన చిన్న చెక్కుడు పువ్వు. ఆయనే బిగిస్తాడని అందరం పక్కకు జరిగాం.

ఆయన తలుపూ స్క్రూడ్రైవరూ నా చేతిలో పెట్టాడు. “నువ్వు పెట్టప్పా.”

చిన్నప్పుడు ఉలి ముట్టుకున్నందుకు దెబ్బ తిన్న చెయ్యి అది. నాలుగు స్క్రూలు బిగించడానికి పావుగంట పట్టింది. చెమట తుడుచుకుని లేచాను.

పరిమళ వచ్చి వేలితో తలుపు తీసి, వేసి, కన్ను దగ్గరగా పెట్టి సందు చూసింది.

“ఒక మిల్లీమీటరు వంకర.”

“రిజెక్టా?”

“రీవర్క్. ఆదివారం వచ్చి సరిచెయ్యి.”

“నా పనితనానికి ఒక్క ఆదివారం చాలదు. ఎన్నవుతాయో చెప్పలేను.”

ఆమె చిన్న తలుపును తీసే ఉంచి, నావైపు చూసి నవ్వింది. ఈసారి అది నవ్వేనని నాకు వెంటనే తెలిసింది.

“నేను రోజులు లెక్కపెట్టనులే,” అంది.