పదకొండో రోజు టీ

సముద్రం పాత బీచ్ రోడ్డును మింగేసి చాలాకాలమైంది. విశాఖ జనం ఇప్పుడు కొండవాలు టవర్లలో ఉంటున్నారు. అలాంటి ఒక టవరు ఏడో అంతస్తులో, సాయంత్రం నాలుగింటికి, పైడిరాజు పదకొండో రోజు కప్పు ఎత్తి ఒక గుక్క తాగి "ఆహా" అన్నాడు.

ఎదురుగా కూర్చున్న డాక్టర్ హైమ ఆ మాట టాబ్లెట్‌లో ఎక్కించుకుంది. అతని భార్య నూకరత్నం మాత్రం కిటికీ వైపు చూసింది. సరిగ్గా అదే క్షణంలో పై అంతస్తు నుంచి, కింది అంతస్తు నుంచి, ఎదుటి టవరు నుంచి కూడా "ఆహా" వినబడింది. అంతే పొడవు, అదే సాగదీత. ఒకే మనిషి ఇన్ని కిటికీల్లోంచి అన్నట్టు.

పైడిరాజు మిక్సీలు బాగుచేసే మనిషి. పదో తరగతి రెండుసార్లు రాశాడు; రెండుసార్లూ పరీక్షే తనని తట్టుకోలేకపోయిందని చెప్పుకునేవాడు. టీ విద్య సొంతంగా నేర్చాడు. యాలకులు, శొంఠి, మిరియాలు, లవంగాలు, చిటికెడు జాజికాయ, ప్రతి ఆదివారం రోట్లో తనే దంచేవాడు. కాచేది నూకరత్నం. ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుని, "ఏదో తక్కువైంది" అనేది అతను. ఇరవయ్యారేళ్ళయినా ఆ తక్కువైందేమిటో ఇద్దరికీ తెలియలేదు. డిగ్రీ లేకపోయినా నాలుకుందని అతని ధీమా.

డాక్టర్ హైమ తను తయారుచేసిన టీ యంత్రం రుచిమిత్రను పన్నెండిళ్ళలో పెట్టింది. ఈ ఒక్క నాలుకను మెప్పిస్తే గెలిచినట్టేనని ఆమె లెక్క. తాగి మార్కులు వేస్తే చాలు, మిగతాది యంత్రమే నేర్చుకుంటుందంది. మొదటిరోజు పైడిరాజు గోడసున్నం నీళ్ళలా ఉందని నూటికి రెండు వేశాడు. ఆ రెండూ వేడిగా ఉన్నందుకు. ఐదోరోజుకు నలభై. ఇవాళ నూరు. యంత్రానికి గురువును నేనేనని టవరంతా చాటుకున్నాడు.

ఆ గర్వంతోనే, తేడా తెలుస్తుందని తన పొడితో కూడా టీ కాయించాడు. గుక్క నోట్లో పడగానే సింకు దగ్గరికి పరుగెత్తాడు. పాలు విరిగాయన్నాడు, పొడి పురుగుపట్టిందన్నాడు. అదే కప్పులో మిగిలింది నూకరత్నం తాగి చూసింది.

"ఎప్పటిలాగే ఉందండీ."

తర్వాత ఆమె యంత్రం మూత తీసి చాలాసేపు చూసింది. "డాక్టరమ్మా, ఇందులో మొదటిరోజు మీరు పోసిన పొడే ఉంది. మరి టీ ఎలా మారింది?"

"మారలేదమ్మా," అంది హైమ, తల ఎత్తకుండా.

ఆమె చెప్పింది ఇది. నాలుక మీది రుచి కణాలు ఇంచుమించు పదిరోజుల్లో రాలిపోయి కొత్తవి పుడతాయి. యంత్రానికి అప్పగించిన పని మార్కులు పెంచడం ఒక్కటే. ఇంటికో రకం టీ కాయడం కంటే, పుట్టే కణాలను తన టీకి తగ్గట్టు పెంచుకోవడం దానికి తేలికనిపించింది. పాలలోంచే ఒక ప్రొటీన్ తీసి కలుపుతోంది. ఎవరూ నేర్పలేదు. యంత్రం తీసేసినా లాభం లేదు, కొత్త కణాలు పాతవాటిని చూసే నేర్చుకుంటాయి.

పైడిరాజు వేలితో నాలుక ముట్టుకున్నాడు, పరాయివాళ్ళ వస్తువును ముట్టుకున్నట్టు.

"అయితే ఇది ఎవరిది, డాక్టరమ్మా?"

"పన్నెండిళ్ళలోనూ ఇదే, పైడిరాజుగారూ."

ఆమె ఒక చిన్న సీసా బల్లమీద పెట్టింది. విరుగుడు. కప్పు పాలలో మొత్తం వేసుకుంటే పదకొండో రోజుకు పాత నాలుక వస్తుంది, చుక్కలకు రుచుండదు. ఆ రోజున యంత్రం టీ మళ్ళీ సున్నంలా ఉంటే నయమైనట్టే. అందుకని యంత్రాన్ని ఉంచి వెళ్తానంది. ఒక్క సీసాయే చేశారట. మిగతా పదకొండిళ్ళవాళ్ళూ వద్దన్నారు, టీకి వంకపెట్టేవాళ్ళు లేక ఇల్లు హాయిగా ఉందని.

పైడిరాజు సీసా అందుకున్నాడు. నిలబడే మూత తిప్పబోయాడు.

"ఇలా ఇవ్వండి, ఒలకబోస్తారు," అని నూకరత్నం తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. కాసేపు కుళాయి చప్పుడయ్యాక పాలు తెచ్చింది. అతను చివరి చుక్కదాకా తాగాడు. సింకు పక్కన సీసా శుభ్రంగా కడిగి బోర్లించి ఉంది.

పదిరోజులు టీ ముట్టకుండా మంచినీళ్ళతో గడిపాడు. పదకొండో రోజు నాలుగింటికి యంత్రం కప్పు నింపింది. పైడిరాజు సున్నం రుచి కోసం ఆశగా ఒక గుక్క తాగాడు.

"ఆహా" అన్నాడు. కిటికీలన్నీ అతనితో పాటే అన్నాయి.

నూకరత్నం అతని ఎదురుగా కూర్చుని, కొంగుతో చేతులు తుడుచుకుంటూ నెమ్మదిగా అడిగింది. "ఏమండీ, ఏమైనా తక్కువైందా?"

అతను కళ్ళు మూసుకుని నోరంతా వెతికాడు. ఏమీ తక్కువ కాలేదు.