తెల్ల తెర మీద మరక

పాత టెస్టర్ని ఎవరో లిఫ్ట్ గుంతలోకి తోసి చంపిన మూడో రోజునే, సోడాబుడ్డి కళ్లద్దాలు, పెట్టుడు మీసంతో ఏజెంట్ అతని కుర్చీలో కూర్చున్నాడు. దొంగిలించిన రాడార్ నక్షా ఒకటి ఈ టీవీ ఫ్యాక్టరీలోకి చేరింది. గేటు దగ్గర కాగితం ముక్కను కూడా దాటనివ్వరు. మరి విదేశీ ముఠా దాన్ని బయటికి ఎలా పంపుతుంది? అది కనిపెట్టడమే మిషన్.

మూడు నెలలైంది. ఇరవై ప్లాస్మా టీవీల్లో రోజుకు పది గంటలు కదలని బొమ్మ ఆడించాలి. తర్వాత తెరంతా తెల్లగా చేసి, పాత బొమ్మ మరక మిగిలిందేమో చూసి రాసుకోవాలి. ఛేజింగులుంటాయని ఈ ఉద్యోగంలో చేరినవాడికి కళ్లు కాయలు కాశాయి.

చెవిలోని రిసీవర్‌లో చీఫ్ గుర్రుమన్నాడు. "నాలుగింటిదాకా టైమిస్తున్నా. ఆ తర్వాత కేసూ క్లోజ్, నీ ఉద్యోగమూ క్లోజ్."

"లోపలున్న మన ఇన్ఫార్మర్ ఏమంటోంది సార్?"

"అక్కడేం లేదంటోంది."

ఇన్ఫార్మర్ అంటే ల్యాబ్ ఇంజనీర్ మేడమ్. ఆమె పక్కనుంచి నడిచి వెళ్తే రిపోర్టులు రాసేవాళ్లకు గడులు తప్పేవి. ఇరవయ్యో టీవీ మాత్రం ఆమె ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు.

మూడున్నరకు ఆ టీవీనే విదేశానికి శాంపిల్‌గా ప్యాక్ చేయిస్తోంది. ఆఖరి చెకింగ్‌కు ఏదో సినిమా ఆడుతోంది. హీరో తెల్లచొక్కా పసుపు తిరిగి ఉంది.

"ఇదెన్ని గంటలు ఆడింది మేడమ్?"

"తొమ్మిది వందలు. అన్నిటిలాగే."

పచ్చి అబద్ధం. మూడు నెలల విసుగు అతనికి ఒక విద్య నేర్పింది. తెర వాలకం చూసి వయసు చెప్పేయగలడు. ఇది రెండు వేల గంటల ముసలిది. ల్యాబ్ మూసేశాక కూడా దీన్ని ఎవరో ఆడించారు.

రిమోట్ లాక్కుని నొక్కాడు. తెల్ల తెర మీద లేత మరకలా రాడార్ నక్షా, గీత గీతతో సహా!

"మీసం ఊడుతోంది, చూసుకో," అంది మేడమ్. ఆమె చేతిలో లిప్‌స్టిక్, దాని చివర పిస్తోలు గొట్టం.

"మా జీతం తింటూ వాళ్లకు పనిచేశావా?"

"లారీ వెళ్లేదాకా కదలకు."

అతనికి ఒళ్లు మండిపోయింది. రిమోట్‌లో అన్ని టీవీలకూ కలిపి ఉన్న మాస్టర్ బటన్ మీద బొటనవేలు గుద్దాడు. అతని వీపు వెనక పందొమ్మిది తెరలు ఒక్కసారిగా తెల్లగా భగ్గుమన్నాయి. మేడమ్ కళ్లు చెదిరాయి. తూటా సీలింగ్‌లోకి పోయింది, లిప్‌స్టిక్ అతని చేతికొచ్చింది. బయట లారీ ఆ ఒక్క పెట్టె కోసం హారన్ కొట్టి కొట్టి వెళ్లిపోయింది.

"భేష్!" అన్నాడు చీఫ్. "కానీ ముఠాలో ఇంకెవరున్నారో తేలాలి. నువ్వక్కడే ఉండు. కొత్తగా ఎల్‌సీడీలు వచ్చాయట, అరవై వేల గంటల టెస్టు."

"రాత్రీ పగలూ ఆడించినా దాదాపు ఏడేళ్లు సార్!"

"అయితే ఏంటోయ్, కూర్చుని టీవీ చూసే పనేగా!"