బాషా అంటే ఉడతే కదండీ!

వార్సాలో వజెంకి పార్కు. ఆకులు రాలే రోజులు. గుస్తావ్ మోకాళ్ళ మీద కూర్చుని, రెండు వాల్‌నట్లు టకటకలాడిస్తూ గోముగా పిలుస్తున్నాడు.

"బాషా... బాషా... రావే బంగారం! నీకోసం ఎంతసేపని చూడను?"

"ఎవరండీ మీరు? నన్నలా పిలవడానికి ఎంత ధైర్యం!"

వెనక్కి తిరిగాడు. చేతుల్లో పళ్ళాలతో ఒకమ్మాయి. కోపానికి ముక్కు ఎర్రగా కందిపోయింది.

"మిమ్మల్ని కాదండీ, ఉడతని! ఈ ఊళ్ళో ఉడతలన్నీ బాషాలే కదా."

"నా పేరూ బాషానే. బళ్ళో ఉన్నప్పుడు అందరూ నా జేబుల్లో గింజలు పోసేవాళ్ళు. ఆ పాపమే కాబోలు, ఇప్పుడు ఉడతల మీదే పరిశోధన చేస్తున్నా."

ఇంతలో ఒక ఉడత గుస్తావ్ ప్యాంటు పట్టుకుని చకచకా భుజమెక్కింది. ఒక కాయ తీసుకుని, రెండు చేతుల్లో తిప్పి, ఊపి చూసి పారేసింది. రెండోది నోట కరుచుకుని తుర్రుమంది.

"చూశారా! బరువు బట్టే లోపల పప్పుందో లేదో చెప్పేస్తుంది," అన్నాడు, తనే నేర్పినంత గర్వంగా.

"అది నాకు తెలుసు! ఓహో... నా కొంప ముంచుతున్నది మీరేనన్నమాట!"

"నేనేం చేశానండీ?"

"ఉడతలు ఏ గింజ ముందు తీసుకుంటాయో, ఏది దాచుకుంటాయో చూద్దామని రోజూ పళ్ళాల్లో పెడుతున్నా. ఒక్కటైనా తొంగి చూస్తేగా! మీరిలా నోటికందిస్తుంటే నా పళ్ళాల మొహం ఎవరు చూస్తారు? నా ప్రయోగం అయ్యేదాకా మీరు పార్కుకి రాకూడదు."

"మరి మిమ్మల్ని... అదే, ఉడతల్ని చూడటం ఎలా?"

"అయ్యాక ఫోన్ చేస్తా."

గుస్తావ్ దిగులుగా తన కార్డు ఇచ్చి వెళ్ళిపోయాడు. పియానోలు శ్రుతి చెయ్యడం అతని పని.

ఒకటి రెండు రోజులు ఉడతలు అతని కోసం బెంచీ చుట్టూ తిరిగాయి. తర్వాత ఆకలేసి పళ్ళాల దగ్గరికి దిగాయి. పొద్దుతిరుగుడు గింజలు అక్కడే కొరికేసి, హేజెల్‌నట్లు మాత్రం పట్టుకెళ్ళి ఆకుల కింద పాతుకుంటున్నాయి. వేరుశెనగలు ఎవరికీ పట్టలేదు. ఆ లెక్కలు చూసి బాషా ప్రొఫెసర్ తెగ మెచ్చుకున్నాడు.

బాషాకే ఏమీ తోచడం లేదు. ఉడతని చూడబోతే చూపు ఖాళీ బెంచీ మీదికి పోతోంది. వాన మొదలైతే, 'ఆ మనిషి ఎక్కడ తడుస్తున్నాడో' అనిపిస్తోంది.

ప్రయోగం ఇంకా సగంలోనే ఉంది. పార్కుకి రమ్మనడానికి వీల్లేదు. ఆలోచించి ఆలోచించి ఫోన్ తీసింది.

"హలో, మా పియానో శ్రుతి తప్పిందండీ. కొంచెం అర్జెంటు."

గంటలో గుస్తావ్ పనిముట్ల సంచీతో ప్రత్యక్షం. తలుపు తీసింది బాషా వాళ్ళమ్మ.

"పియానోనా? ఉండు బాబూ... ఏమే బాషా, మనకి పియానో ఎప్పుడొచ్చిందే?"

"రాలేదమ్మా," అంది బాషా, వంటింటి గుమ్మంలోంచి, నేల చూపులు చూస్తూ.

గుస్తావ్ గదంతా కలయజూశాడు. "మరి నేనేం శ్రుతి చెయ్యాలండీ?"

"పార్కుకి రావద్దన్నాను గానీ, ఇంటికి రావద్దనలేదుగా!"

అతని మొహం వెలిగిపోయింది. "నిజం చెప్పనా? రోజూ పార్కు గేటు దాకా వచ్చి వెనక్కెళ్తున్నా. ఉడతల కోసం మాత్రం కాదు."

వాళ్ళమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, లోపలికెళ్ళి ఆపిల్ కేకు పట్టుకొచ్చింది.

"కోటు విప్పి కూర్చో బాబూ. లేని పియానో బాగుచెయ్యాలంటే ఎన్నాళ్ళు పడుతుందేం?"

"చాలా పట్టేట్టుందండీ," అన్నాడు గుస్తావ్, సంచీ కింద పెట్టేస్తూ. "రోజూ రావాలి."