మునిగిన ఓడలో దేవేంద్ర

దేవేంద్ర పరుగెత్తుతున్నాడు!

తడి పంచె కాళ్లకు చుట్టుకుంటోంది. అప్పుడే గీసిన గుండు మీద ఎండ చుర్రుమంటోంది.

"యాడికి పోతాండావు? ఆగప్పా!"

వెనక కారు స్టార్టయింది.

అంతా ఒక్క పేరు వల్లే వచ్చింది.

పెనుకొండ దగ్గర పెన్న ఇసుకలో తమ్ముడికి పదకొండో రోజు కర్మ. పోయినవాడి పేరు చెప్పమన్నాడు అయ్యవారు. "దేవేంద్ర" అని చెప్పాలి. ఇన్ని రోజులూ ఊరందరికీ అలాగే చెప్పాడు.

పిండం చేతిలో పెట్టుకుని అబద్ధం ఎలా ఆడతాడు?

"యల్లప్ప" అనేశాడు.

ఓడలకు మనుషుల్ని పంపే హిందూపురం ఏజెంట్ బాలాజీ గట్టు మీదుండి విన్నాడు!

ఆయిల్ ట్యాంకర్ ఓడ ఎక్కాల్సింది దేవేంద్ర. ట్రైనింగ్ అతనిది, సర్టిఫికెట్లు అతనివి. తీరా బయల్దేరే ముందు కామెర్లొచ్చి మంచాన పడ్డాడు.

"నీ తమ్ముణ్ణి పంపబ్బా. ఇద్దరూ ఒకే అచ్చు. ఎవురు చూస్తారు?" అన్నాడు బాలాజీ.

గొర్రెలు కాసుకునే యల్లప్ప అన్న కాగితాలతో ఓడెక్కాడు. నడిసముద్రంలో పేలుడు... ట్యాంకర్ మునిగింది. ఒక్కడు కూడా మిగల్లేదు.

కాగితాల్లో చచ్చింది దేవేంద్ర!

"ఇంక నువ్వే యల్లప్ప. నోరు తెరిస్తే నిన్నూ పూడ్చిపెడతా" అని బెదిరించాడు బాలాజీ.

ఈ రోజు ధర్మవరం గెస్ట్ హౌస్‌లో ఓడ ప్రమాదం మీద విచారణ. అధికారి పన్నెండు దాకే ఉంటాడు. తమ్ముడు కనీసం తన సొంత పేరుతోనైనా పోవాలి.

గట్టు కింద ఎవరిదో బైక్... తాళం దానికే ఉంది!

ఎక్కాడు. కిక్ కొట్టాడు.

అద్దంలో కారు పెద్దదవుతోంది. గుద్దేస్తాడు... గుద్దేస్తాడు!

భయం రాలేదు. కబురు తెలిసినప్పటి నుంచి ఏమీ రావడం లేదు, ఏడుపుతో సహా.

కారు పక్కనుంచి దూసుకుపోయింది. ఆగలేదు!

ఎందుకు?

ధర్మవరంలో రైల్వే గేటు పడింది. పావుగంట పోయింది. గెస్ట్ హౌస్ చేరేసరికి పదకొండూ యాభై.

"నేను దేవేంద్ర సార్! సావలేదు. ఓడలో పోయింది మా తమ్ముడు యల్లప్ప!"

అధికారి పైకీ కిందకీ చూశాడు.

"సాక్షి ఎవరు?"

"వాని పెండ్లాం సార్. యశోద. ఈ ఊర్లోనే పుట్టింట్లో ఉండాది. పిలిపించండి."

"నేనే తోడుకొచ్చినా సార్."

తలుపు దగ్గర బాలాజీ!

చంకలో యశోద కూతురు నిఖిత. నాలుగేళ్ల పిల్ల. దాని మెడ మీద అతని వేళ్లు. పక్కన యశోద, మొహంలో నెత్తురు చుక్క లేదు.

"చెప్పమ్మా. ఇతనెవరు?" అన్నాడు అధికారి.

యశోద బావ గుండు వైపు చూసింది. తర్వాత బాలాజీ వేళ్ల వైపు.

"నా మొగుడు సార్. యల్లప్ప. అన్న పోయినాడని మతి చెడింది."

అధికారి దేవేంద్ర వైపు తిరిగాడు.

"అంతేనా?"

పాపం, ఆమె మాత్రం ఏం చేస్తుంది? దేవేంద్ర తలూపాడు.

"అంతే సార్."

బాలాజీ నవ్వాడు. గెలిచాననుకున్నాడు. అధికారి చూస్తుండగా పిల్లను దేవేంద్ర చేతుల్లో పెట్టాడు.

"ఎత్తుకో యల్లప్పా, నీ బిడ్డని!"

నిఖిత రెండు చేతులూ అతని మెడకు వేసింది. గుండు తడిమి చూసింది.

"పెద్దనాయనా! మా నాయన ఓడ దిగి ఎప్పుడొస్తాడు?"