చీమలు పాకని ఇంజెక్షన్

సరిహద్దు చౌకీలో ముగ్గురు జవాన్లు కాల్పుల్లో పోయారు. కాపలా మారే వేళ హంతకులకు ముందే తెలుసు. కిర్గిజ్ రాజధాని బిష్కెక్ నుంచి ఎవడో ఆ కబురును రేడియోలో అందించాడు.

కర్నల్ జుమాగులోవ్ కారు అద్దాలు పైకెత్తి, పక్కసీట్లోని గూఢచారి ఎర్మెక్ వైపు తిరిగాడు.

"ఆ గొంతు గుర్తుపట్టినవాడు ఒక్కడే. టోక్టోసున్ అని ముసలాయన. జీవితమంతా మన వైర్‌లెస్‌లోనే చేశాడు. ఎవరిదో ఫోన్‌లో చెప్పను, మనిషిని పంపండి అన్నాడు. మనవాళ్ళు వెళ్ళేసరికి అంబులెన్స్ ఎక్కేశాడు."

"కరోనానా సార్?"

"ఈ ఊళ్ళో ఇప్పుడు ఇంకేం ఉంది! ఐసీయూలో వార్డుబాయ్‌గా చేరు. ముసలాడు బతకాలని పైనుంచి ఆర్డరు. నోరు విప్పితే మాత్రం ముందు నాకు చెప్పు. నాకొక్కడికే."

"మందులో?"

"హాస్పిటల్లో స్టాకు అయిపోవచ్చింది. రేపట్నుంచి చుట్టాలే తెచ్చుకోవాలి. జిబెక్ అనే అమ్మాయి ఆయన కోడలి వేషంలో గేటు దగ్గరికి తెస్తుంది. ‘గుర్రపు పాలు పులిశాయా?’ అని అడుగు. ‘ఇంకా చిలకాలి’ అంటే మన మనిషే."

ఐసీయూలో అందరివీ తెల్ల సూట్లే. ముఖాలు కనిపించవు కాబట్టి వీపుల మీద మార్కరుతో పేర్లు రాసుకునేవారు. ఎర్మెక్ వీపు మీద మారుపేరు ‘మరాట్’ అని రాశారు. కళ్ళద్దాల్లో దాచిన విదేశీ కెమెరాకు మొదటిరోజే ఆవిరి పట్టింది. ఇక సొంత కళ్ళే దిక్కయ్యాయి.

ఆక్సిజన్ మాస్కు కింద టోక్టోసున్ ఆయాసపడుతున్నాడు. ఎర్మెక్ వంగి తానెవరో చెప్పాడు.

"ఆ మాట ఎవడైనా అంటాడు," అని ముసలాయన గుసగుసలాడాడు. "ముసుగు లేని మనిషికి చెబుతా. నేను లేచాక." చెయ్యి వదల్లేదు. "అబ్బాయ్, ఇంకో సంగతి. ఆ నర్సు పిల్ల సూది మందు జోరుగా ఎక్కిస్తోంది. ఎక్కించగానే నాకు... కింద... చీమలు పాకుతున్నాయిరా. ఆడపిల్లకి ఎలా చెప్పను? మెల్లగా చెయ్యమని నువ్వు చెప్పు."

ఎర్మెక్‌కు నవ్వాగలేదు. నర్సు అయ్‌పెరికి మాత్రం చెప్పలేదు. అతనికీ సిగ్గే.

మర్నాటి నుంచి జిబెక్ రాసాగింది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, పట్టు స్కార్ఫు కట్టుకుని, మాస్కులోంచి కూడా తెలిసేటంత అత్తరు పూసుకుని వచ్చేది. నగరమంతా గాలించినా ఒక్క గాజు ఆంప్యూల్ కూడా దొరకని రోజుల్లో ఆమె సంచీలో ఆ సూది మందు, డెక్సామెథసోన్, ఎప్పుడూ ఉండేది.

"గుర్రపు పాలు పులిశాయా?"

"ఇంకా చిలకాలి. మామయ్యకి ఎలా ఉంది?"

బాగాలేదు. రోజురోజుకూ ఆక్సిజన్ పడిపోతోంది. ఎర్మెక్‌కు తిండి సయించలేదు. ఈ ముసలాయన పోతే ఆ గొంతు మళ్ళీ రేడియో ఎక్కుతుంది, ఇంకో చౌకీ కాలుతుంది. ఆగలేక డాక్టర్ చోల్పోన్ అసనోవ్నాను పట్టుకున్నాడు.

"డోసు పెంచండి డాక్టరమ్మా! ఇంత చిన్న సూదితో ఏమవుతుంది?"

"నువ్వూ మొదలుపెట్టావా?" ఆమె గొంతు బొంగురుపోయి ఉంది. "ఈ మందు వైరస్‌ని చంపదు నాయనా. ఒంట్లో కాపలావాళ్ళకి పిచ్చెక్కి మన ఊపిరితిత్తుల్నే తగలబెడుతుంటే, వాళ్ళ చేతులు పట్టుకుని ఆపుతుంది, అంతే. ఎక్కువ పోస్తే ఆ కాపలావాళ్ళు మొద్దునిద్ర పోతారు. అప్పుడు ఏ బూజు పడితే అది లోపలికొచ్చేస్తుంది. ఆక్సిజన్ అక్కర్లేనివాళ్ళకైతే అసలివ్వం, మేలు కన్నా కీడే ఎక్కువ. బయట చూడు, ఒళ్ళు వెచ్చబడితే చాలు, ఇళ్ళల్లో పొడిచేసుకుంటున్నారు. అందుకే నాకిక్కడ దొరకట్లేదు."

"మరి ఈయనకి ఇస్తూనే ఉన్నారుగా! ఎందుకు పడిపోతున్నాడు?"

"అదే అర్థం కావట్లేదు. ఈ మందు పడితే రక్తంలో చక్కెర ఎగరాలి. మొదట్లో ఎగిరింది కూడా. ఇప్పుడు దిగిపోయింది, మందే వెయ్యనట్టు."

మందే వెయ్యనట్టు. ఎర్మెక్ వెనక్కి తిరిగాడు. జిబెక్ ఆరోజు ఇచ్చిన ఆంప్యూల్‌ను అయ్‌పెరి అప్పుడే సిరంజిలోకి లాగి, ముసలాయన చేతి గొట్టానికి బిగిస్తోంది.

"తాతా! చీమలో?"

ముసలాయన కళ్ళు నవ్వాయి. "రావట్లేదురా. చెప్పావుగా, పిల్ల మెల్లగా చేస్తోంది. చల్లగా ఉండు."

ఎర్మెక్ చూపు సిరంజి మీదికి వెళ్ళింది. అతను ఎవరికీ చెప్పలేదు. అయ్‌పెరి ఎప్పటిలాగే జోరుగా చేస్తోంది. లోపలికి వెళ్ళేది అసలు మందే అయితే చీమలు రావాలి.

ఆమె బొటనవేలు పిస్టన్ మీద ఆనింది. ఎర్మెక్ మంచం మీదుగా దూకి సిరంజి లాగేశాడు.

"నీకేమైనా పిచ్చా మరాట్!" అని అయ్‌పెరి అరిచింది.

"ఇన్నాళ్ళూ మీరెక్కించింది నీళ్ళు! ఇవాళ్టిది ఏమిటో తెలీదు!"

డాక్టర్ ఒక్క ప్రశ్నా అడగలేదు. సొరుగు తాళం తీసి ఒక ఆంప్యూల్ తెచ్చింది. అక్కడ ఇంకొకటి లేదు.

"నాకోసం దాచుకున్నాను," అంది. "రోజూ వీళ్ళ మధ్యే కదా ఉండేది."

చీమలొస్తాయో లేదో చూడ్డానికి కావాలనే జోరుగా ఎక్కించింది. ముసలాయన మంచంలో మెలికలు తిరిగి, ఆడవాళ్ళు వినకూడని తిట్టొకటి తిట్టాడు. ఎర్మెక్‌కు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

"వంగరా," అన్నాడు ముసలాయన. "నీ ముఖం చూడక్కర్లేదు ఇంక." చెవిలో పేరు చెప్పాడు.

జుమాగులోవ్.

 కొలువులో చేరిన తొలిరోజు ఎర్మెక్‌కు సెల్యూట్ ఎలా కొట్టాలో నేర్పింది ఆ మనిషే. వెనక డాక్టర్ దగ్గింది. అందరూ విననట్టే ఉన్నారు.

అతను ముందు కర్నల్ పైవాళ్ళకు ఫోన్ చేశాడు. తర్వాత కర్నల్‌కు: "నోరు విప్పేలా ఉన్నాడు సార్. మీరే వస్తే మంచిది."

కర్నల్ జిబెక్‌ను వెంటబెట్టుకునే వచ్చాడు. గేటు దగ్గర ఇద్దరికీ బేడీలు పడ్డాయి. ఆరోజు సిరంజిలో ఉన్నది నీళ్ళు కాదు, గుండెను ఆపే మందని అప్పటికే ల్యాబు చెప్పింది. జిబెక్ సంచీ అడుగున ఆమె మార్చేసిన అసలు ఆంప్యూళ్ళు దొరికాయి. ఎర్మెక్ వాటిని గుండెకు హత్తుకుని డాక్టర్ దగ్గరికి మెట్లెక్కబోయాడు.

"ఆగు," అన్నాడు కర్నల్. "సీలు చెక్కుచెదరలేదు. కోడ్ తప్పలేదు. నీకు ఎవడు చెప్పాడ్రా?"

"ఎవడూ చెప్పలేదు సార్," అన్నాడు ఎర్మెక్. "రోజూ వచ్చే చీమలు డ్యూటీకి రాలేదు."